నాజిల్ రంధ్రం దగ్గర మొదలయ్యే లెక్క: ఇంటి షెడ్డులో బ్లాస్టింగ్‌కు ఎలాంటి కంప్రెసర్?

కంప్రెసర్ కొనడానికి షాపుకు వెళ్తే మాట రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది: మోటారు ఎన్ని హెచ్‌పీ, ట్యాంకు ఎన్ని లీటర్లు. పంక్చర్ షాపుకో, తలుపులకు స్ప్రే పెయింట్ కొట్టే పనికో ఈ రెండు తెలిస్తే చాలు. టైరులో గాలి నింపడం అర నిమిషం పని, ఆ తర్వాత కంప్రెసర్‌కు విశ్రాంతే. బ్లాస్టింగ్, అంటే గాలి వేగంతో గ్రిట్‌ను (గరుకు రేణువులను) కొట్టి తుప్పు, పెయింటు వదిలించే పని, అలా కాదు. గన్ నొక్కినంతసేపూ గాలి తిప్పి వదిలేసిన కుళాయిలా పోతూనే ఉంటుంది. పాత బుల్లెట్ ఫ్రేముకు పట్టిన తుప్పు, నాలుగు పొరల పెయింటు వదలాలంటే గన్ గంటల తరబడి నొక్కి ఉంచాల్సిందే. మేడ మీద ఎంత పెద్ద ట్యాంకు కట్టినా బోరులో అంగుళం నీళ్లే వస్తుంటే చేను తడవనట్టే, ఇక్కడ తేల్చుకోవాల్సింది ట్యాంకు సైజు కాదు, నిమిషానికి ఎంత గాలి ఊరుతుందన్నది.

ఎంత గాలి కావాలో తేల్చేది నాజిల్, అంటే గన్ చివర గాలి బయటికొచ్చే ముక్కు. గాలి ఖర్చు రంధ్రం వ్యాసానికి కాక దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి కంటికి చిన్నగా కనిపించే తేడా కంప్రెసర్ దగ్గర పెద్దదవుతుంది. నాజిల్ దగ్గర 90 పీఎస్ఐ, అంటే దాదాపు 6.2 బార్ ఒత్తిడి నిలవాలంటే 2 మి.మీ. రంధ్రానికి సుమారు 7 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), 2.5 మి.మీ.కు 11 నుంచి 12, 3 మి.మీ.కు 16 నుంచి 17 సీఎఫ్ఎం కావాలి. 4 మి.మీ.కు వచ్చేసరికి అది 29 అవుతుంది. 5 మి.మీ.కు 46, 6 మి.మీ.కు 66 దాకా పోతుంది. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్ల మామూలు గాలి. ఒత్తిడిని 60 పీఎస్ఐకి తగ్గిస్తే ఈ అంకెలన్నీ సుమారు 70 శాతానికి దిగుతాయి. అల్యూమినియం కవర్లు, పల్చటి రేకులకు ఆ ఒత్తిడే మేలు, ఎక్కువైతే రేకు వంకర్లు పోతుంది.

నాజిల్ అరగడాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 3 మి.మీ. సిరామిక్ నాజిల్ అరిగి 3.5 మి.మీ. అయితే గాలి ఖర్చు 36 శాతం పెరుగుతుంది, 4 మి.మీ. అయితే 78 శాతం. అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి గ్రిట్‌తో చవక సిరామిక్ నాజిల్ కొన్ని గంటల్లోనే ఈ స్థితికి వస్తుంది. నెల క్రితం బాగా పనిచేసిన కంప్రెసర్‌కు ఇప్పుడు ఒత్తిడి నిలవడం లేదని పిస్టన్ రింగులు మార్చేముందు ఒక డ్రిల్ బిట్ వెనక భాగాన్ని నాజిల్‌లో దూర్చి చూడాలి. 3 మి.మీ. నాజిల్‌లో 4 మి.మీ. బిట్ వదులుగా దూరితే కంప్రెసర్‌లో దోషమేమీ లేదు. బోరాన్ కార్బైడ్ నాజిల్ ధర ఎక్కువే కానీ, అది ఆదా చేసే కరెంటును, కంప్రెసర్ ఆయుష్షును కలిపి చూస్తే అదే చవక.

గన్ మార్చాలా, కంప్రెసర్ మార్చాలా

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న సక్షన్ గన్‌ల డబ్బా మీద గాలి ఖర్చు తక్కువని రాసి ఉంటుంది. దాన్ని నమ్మే ముందు గన్ విప్పి చూడాలి. సక్షన్ గన్‌లో గాలి రంధ్రం వేరు, ముందు కనిపించే నాజిల్ వేరు. లోపల ఒక సన్నటి జెట్ ఉంటుంది. దాని నుంచి దూసుకొచ్చే గాలి తన వెనక ఏర్పడే ఖాళీతో గ్రిట్‌ను గొట్టం గుండా పైకి లాగుతుంది. రెండూ కలిసి ముందున్న పెద్ద నాజిల్ గుండా బయటికి వస్తాయి. గాలి ఖర్చును నిర్ణయించేది లోపలి జెట్టే. సాధారణంగా అది నాజిల్ రంధ్రంలో సగం ఉంటుంది. ముందు 6 మి.మీ. నాజిల్, లోపల 3 మి.మీ. జెట్ ఉన్న గన్ 16 సీఎఫ్ఎం తాగుతుంది, డబ్బా మీద ఏం రాసినా సరే. గాలి చాలడం లేదని ముందు నాజిల్ చిన్నది పెడితే గ్రిట్ లాగడం ఆగిపోతుందే తప్ప గాలి మిగలదు. మార్చితే జెట్‌నూ నాజిల్‌నూ జతగా మార్చాలి.

ప్రెషర్ పాట్ అంటే గ్రిట్ నింపి మూత బిగించే చిన్న ట్యాంకు, అందులో గ్రిట్ కూడా ఒత్తిడిలోనే ఉంటుంది. గాలితో పాటు హోస్ పైపు పొడవునా వేగం పుంజుకుంటూ వచ్చి నాజిల్ దాటుతుంది. అదే గాలితో సక్షన్ గన్ కంటే మూడు నాలుగు రెట్ల పని అవుతుంది. చేతిలో ఉన్న డబ్బుతో మూడు హెచ్‌పీ కంప్రెసర్‌ను అయిదుకు పెంచాలా, ఉన్న మూడుకే పాట్ కొనాలా అనే సందేహం వస్తే మొదట పాట్ కొనడమే సరైన నిర్ణయం. కంప్రెసర్‌ను పెంచితే గాలి ఒకటిన్నర రెట్లో, కాస్త ఎక్కువో పెరుగుతుంది, పాట్‌తో పనే మూడింతలవుతుంది. గ్రిట్ వాల్వును మాత్రం పొదుపుగా తెరవాలి. నాజిల్ నుంచి వచ్చే ధారలో గ్రిట్ రంగు లీలగా కనిపిస్తే చాలు. ముద్దలు ముద్దలుగా, గుర్రు గుర్రుమంటూ వస్తోందంటే గ్రిట్ ఎక్కువై గాలి వేగం పడిపోతోందని అర్థం. 3 మి.మీ. నాజిల్ 90 పీఎస్ఐ దగ్గర గంటకు సుమారు 50 కిలోల గ్రిట్ మింగుతుంది కాబట్టి 25 కిలోల బస్తా అరగంటకే అయిపోతుంది. టార్పాలిన్ పరిచి పోగుచేసి, జల్లించి మళ్లీ వాడే ఏర్పాటు లేకపోతే గ్రిట్ ఖర్చు కంప్రెసర్ ఖర్చును మించిపోతుంది.

ప్లేటు మీది అంకె, నిజంగా వచ్చే గాలి

కేటలాగుల్లో పెద్దగా కనిపించే సీఎఫ్ఎం చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. సిలిండర్ వైశాల్యాన్ని స్ట్రోకుతో, సిలిండర్ల సంఖ్యతో, ఆర్‌పీఎంతో గుణించగా వచ్చిన కాగితపు లెక్క అది. ఉదాహరణకు 70 మి.మీ. బోరు, 60 మి.మీ. స్ట్రోకు, రెండు సిలిండర్లు, 900 ఆర్‌పీఎం అనుకుంటే నిమిషానికి 415 లీటర్లు, అంటే 14.7 సీఎఫ్ఎం అవుతుంది. గాలిని ఒకేసారి నొక్కే సింగిల్ స్టేజ్ పంపులో నిజంగా బయటికొచ్చేది దానిలో 60 నుంచి 70 శాతమే. హెడ్‌లో (సిలిండర్ పైన వాల్వులుండే భాగంలో) మిగిలిపోయిన గాలి మళ్లీ వ్యాకోచించడం, వాల్వుల లీకు, లోపలికొచ్చే గాలి వేడెక్కడం మిగతాది తినేస్తాయి. చేతికి వచ్చేది తొమ్మిదిన్నర, పది సీఎఫ్ఎం. గాలిని రెండు దశల్లో నొక్కే టూ స్టేజ్ పంపులో ఈ నిష్పత్తి 75 నుంచి 85 శాతం ఉంటుంది. అయితే అక్కడ లెక్కలోకి వచ్చేది మొదటి దశ సిలిండర్ ఒక్కటే. చిన్న సిలిండర్‌ను కూడా కలిపి చెప్పే అమ్మకందారు ఉంటే జాగ్రత్తపడాలి. అడగాల్సిన అంకె ఎఫ్ఏడీ (ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంటే నిజంగా బయటికొచ్చే గాలి), అది కూడా ఏ ఒత్తిడి దగ్గర అన్నది కలిపి. మోటా లెక్క కావాలంటే హెచ్‌పీకి మూడు నుంచి నాలుగు సీఎఫ్ఎం అనుకోవచ్చు. చిన్న సింగిల్ స్టేజ్‌లకు మూడు, మంచి టూ స్టేజ్‌కు నాలుగు.

ఏ కాగితాన్నీ నమ్మనక్కర్లేని పరీక్ష ఒకటుంది, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు. బయటికి వెళ్లే వాల్వు మూసి కంప్రెసర్ నడపాలి. గేజ్ 5.5 బార్ నుంచి 7.5 బార్‌కు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ట్యాంకు 160 లీటర్లదైతే ఈ 2 బార్ల పెరుగుదలకు 320 లీటర్ల గాలి లోపలికి వెళ్లింది. 70 సెకన్లు పట్టిందంటే నిమిషానికి 274 లీటర్లు, అంటే 9.7 సీఎఫ్ఎం. ట్యాంకు వేడిగా ఉంటే ఫలితం కొంచెం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అయిదు శాతం కొట్టేయాలి. ట్యాంకు లీటర్లను కూడా టేపుతో కొలుచుకోవడం మంచిది. 400 మి.మీ. వ్యాసం, 1270 మి.మీ. పొడవు ఉంటేనే అది 160 లీటర్లు. పాత కంప్రెసర్ కొనేటప్పుడు ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరమాడటం దండగ.

ఇప్పుడు ట్యాంకు సంగతి. 160 లీటర్ల ట్యాంకు 8 బార్ దగ్గర నిండి ఉంది, 5.5 బార్ కంటే పడిపోతే పని సాగదు అనుకుందాం. మధ్యలో వాడుకోగలిగేది 400 లీటర్ల గాలి. 3 మి.మీ. నాజిల్ నిమిషానికి 467 లీటర్లు తాగుతుంది, రెండు హెచ్‌పీ కంప్రెసర్ 170 లీటర్లు ఇస్తుంది. లోటు 297. ఎనభై సెకన్లలో ట్యాంకు చేతులెత్తేస్తుంది, మళ్లీ నిండటానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ట్యాంకును రెట్టింపు చేస్తే బ్లాస్టింగ్ సమయమూ ఆగే సమయమూ రెండూ రెట్టింపు అవుతాయి, గంటకు జరిగే పని మాత్రం అంతే ఉంటుంది. పెద్ద ట్యాంకుకు ఉన్న అసలు ఉపయోగం వేరు. గాలి కాస్త చల్లారుతుంది, నీరు కింద దిగుతుంది, మోటారు మాటిమాటికీ ఆగి మొదలవ్వదు.

వేడి

పిస్టన్ కంప్రెసర్ ఆగకుండా నడవడానికి చేసింది కాదు. పది నిమిషాల్లో ఆరేడు నిమిషాలు నడిచి మిగతా సమయం చల్లారేలా ఉండాలి. అందుకే నాజిల్ ఖర్చుకు సరిగ్గా సమానమైన కంప్రెసర్ చాలదు, ఎఫ్ఏడీ దానికి 1.3 నుంచి 1.5 రెట్లు ఉండాలి. లేకపోతే మే నెలలో, రేకుల షెడ్డులో, బయటే 42 డిగ్రీలున్న మధ్యాహ్నం కంప్రెసర్ గంటసేపు ఆగకుండా నడుస్తుంది. హెడ్ కాలి, ఆయిల్ వాల్వు ప్లేట్ల మీద బొగ్గుగా పేరుకుంటుంది. బొగ్గు అడ్డుపడిన వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి గాలి వెనక్కి వచ్చి హెడ్ మరింత కాలుతుంది. చివరికి రీడ్, అంటే వాల్వులో తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు, విరుగుతుంది. గాలి ఎక్కే వేగం ఒక్కసారిగా సగానికి పడిపోయి, ఫిల్టర్ దగ్గర చెయ్యి పెడితే గాలి బయటికి తన్నుతుంటే అది విరిగిన ఇన్‌టేక్ రీడే. పాత ఇంజిన్ ఆయిల్ పోయడం మన దగ్గర మామూలే గానీ ఈ బొగ్గుకు సగం కారణం అదే. వీజీ 100 గ్రేడు కంప్రెసర్ ఆయిల్ లీటరు కొనడానికి వెనకాడకూడదు.

ఒత్తిడి విషయంలోనూ ఇలాంటి దుబారా ఉంది. నాజిల్ దగ్గర 6 బార్ కావాల్సిన పనికి ప్రెషర్ స్విచ్‌ను 10, 12 బార్ల దగ్గర ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కో బార్ పెంచినప్పుడు కరెంటు సుమారు 6, 7 శాతం ఎక్కువవుతుంది, హెడ్ మరింత వేడెక్కుతుంది, వచ్చే గాలి తగ్గుతుంది. కటాఫ్ (మోటారు ఆగే ఒత్తిడి) 8 బార్ దగ్గర పెట్టుకుంటే చాలు. పైగా చిన్న ప్రెషర్ పాట్లు చాలావరకు 125 పీఎస్ఐ, అంటే 8.6 బార్ల వరకే చేసినవి. 12 బార్ల లైనును మధ్యలో రెగ్యులేటర్, సేఫ్టీ వాల్వు లేకుండా వాటికి కలపడం ప్రాణాలతో చెలగాటం.

కరెంటు ఏమంటుంది

లెక్కలన్నీ కుదిరాక చాలా ఇళ్లలో చివరి మాట మీటరుదే. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద మూడు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు. 16 ఆంపియర్ల సాకెట్‌కు అది అంచు. విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, సీ కర్వ్ ఎంసీబీ, ఎర్తింగ్ లేకుండా పెట్టకూడదు. ఊళ్లల్లో సాయంత్రం వోల్టేజీ 190కి పడిపోవడం కొత్త కాదు. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక అప్పుడు దానికి మిగిలేది 68 శాతం. మొదలుకాలేక మూలుగుతూ కాయిల్ కాల్చుకుంటుంది. అదే మూలుగు వోల్టేజీ బాగున్నప్పుడు కూడా వస్తుంటే మోటారు ఆగగానే హెడ్ మీది ఒత్తిడిని వదిలేసే అన్‌లోడర్ వాల్వును చూడాలి. మోటారు ఆగిన వెంటనే ‘స్స్’మని వినిపించాల్సిన శబ్దం వినపడకపోతే హెడ్ మీద ఒత్తిడి అలాగే ఉండిపోయిందన్నమాట.

అయిదు హెచ్‌పీకి త్రీ ఫేజ్ కావాల్సిందే. 415 వోల్టుల మీద ఫేజుకు ఏడున్నర ఆంపియర్లలోపే, మోటారు హాయిగా మొదలవుతుంది. కానీ నాలుగు కిలోవాట్లకు పైగా లోడు పెరుగుతుంది కాబట్టి డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టి కాంట్రాక్టెడ్ లోడు పెంచుకోవాలి. ఊరి చివరి షెడ్డుకు పొలం బోరు సర్వీసు నుంచి తీగ లాగడం సులువుగా తోస్తుంది గానీ, ఇచ్చిన అవసరానికి కాక మరో దానికి వాడటం అనధికార వాడకంగా 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఈ గీతల మధ్య ఇంటి షెడ్డుకు మిగిలే దారులు రెండు మూడే. సింగిల్ ఫేజ్ మాత్రమే ఉన్నచోట మూడు హెచ్‌పీ కంప్రెసర్, 2 మి.మీ. నాజిల్ ఉన్న చిన్న పాట్. బోల్టులు, బ్రాకెట్లు, కార్బురేటర్ బాడీలు, ఓపికుంటే రిమ్ములు. త్రీ ఫేజ్ ఉంటే అయిదు హెచ్‌పీ టూ స్టేజ్, 220 లేదా 250 లీటర్ల ట్యాంకు, 2.5 మి.మీ. నాజిల్. మధ్యలో ఆగుతూ పనిచేసేవారికి 3 మి.మీ. కూడా నడుస్తుంది. అప్పటికే ఒక మూడు హెచ్‌పీ ఉన్నవారు రెండోది తెచ్చి సమాంతరంగా కలపడం కూడా మంచి ఉపాయం. ఒక్కో దానికి గాలి వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు, వేర్వేరు సర్క్యూట్లు ఉండాలి, రెండూ ఒకేసారి మొదలవ్వకుండా స్విచ్‌లు అర బార్ తేడాతో పెట్టుకోవాలి. 4 మి.మీ. దాటితే పిస్టన్‌కు బదులు మరలు తిరుగుతూ గాలిని నొక్కే పది హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ల లోకంలో అడుగుపెట్టినట్టే. అవి రోజంతా నడవడానికి చేసినవి, వారానికి ఒక గంట నడిపితే ఆయిల్ సరిగ్గా వేడెక్కక అందులో నీరు కలుస్తుంది. ఒక్క బండి ఫ్రేము కోసమే అయితే ఇదంతా అనవసరం. విజయవాడ ఆటోనగర్‌కో, హైదరాబాద్‌లో జీడిమెట్లకో తీసుకెళ్లి చేయించుకోవడం ఏ లెక్కన చూసినా చవక.

నీరు, పైపులు

కోస్తాలో బ్లాస్టింగ్‌ను ఆపేది చాలాసార్లు గాలి కొరత కాదు, తేమ. 35 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమ ఉన్న విశాఖ గాలిని 3 మి.మీ. నాజిల్‌కు సరిపడా పీల్చే కంప్రెసర్ గంటకు 800 గ్రాములకు పైగా ఆవిరిని లోపలికి తీసుకుంటుంది. దాన్ని 7 బార్లకు నొక్కి మళ్లీ 35 డిగ్రీలకు చల్లారిస్తే దాదాపు 700 గ్రాములు నీరుగా మారుతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ పొడి గాలిలో ఇదే లెక్క 200 గ్రాములలోపు. ఆ నీరంతా ట్యాంకులో దిగితే బాధ లేదు. ట్యాంకు నుంచి గాలి ఇంకా వేడిగా, ఆవిరి రూపంలోనే బయటికొస్తుంది. ట్యాంకుకే బిగించిన గాజు గిన్నె వాటర్ ట్రాప్ ఆవిరిని పట్టుకోలేదు. అది దాటాక హోస్‌లో చల్లారి నీరవుతుంది, పాట్ అడుగున గ్రిట్ ముద్ద కడుతుంది. కాసేపు ఉత్త గాలి, తర్వాత ఒక ముద్ద, మళ్లీ గాలి.

అందుకని ముందు చల్లార్చాలి, తర్వాతే ట్రాప్. ముప్పావు అంగుళం జీఐ పైపు పది పదిహేను మీటర్లు గోడ వెంట స్వల్ప వాలుతో వేసి, చివర కిందికి ఒక కాలు దించి డ్రెయిన్ కాక్ పెట్టి, వాడే లైనును పైపు పైభాగం నుంచి తీసుకోవాలి. చోటు లేకపోతే రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి నీళ్ల డ్రమ్ములో ముంచినా పని జరుగుతుంది. వానాకాలంలో ట్రాప్ తర్వాత సిలికా జెల్ డ్రయర్ ఒకటి అదనంగా ఉంటే మంచిది, చల్లార్చకుండా అది ఒక్కటే పెడితే గంటలో తడిసి రంగు మారిపోతుంది. పీవీసీ, సీపీవీసీ నీళ్ల పైపులను గాలికి వాడకూడదు. నీటి ఒత్తిడికి అవి చీలితే నీరు కారుతుంది, గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

హోస్ లోపలి వ్యాసం నాజిల్ రంధ్రానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. షాపులో ఇచ్చే నీలిరంగు 8 మి.మీ. పీయూ గొట్టం లోపల 5 మి.మీ. మాత్రమే. క్విక్ కప్లర్ లోపల కూడా దాదాపు అంతే సన్నం. ట్యాంకు గేజ్ 7 బార్ చూపిస్తుంటే నాజిల్ దగ్గర 4 మాత్రమే ఉండటానికి మూలం ఇక్కడుంది. అర అంగుళం రబ్బరు హోస్, పెద్ద రంధ్రపు క్లా కప్లింగులు వేస్తే కంప్రెసర్ మారకుండానే పని వేగం పెరిగిందని తెలుస్తుంది.

గ్రిట్ సంగతిలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గోదావరి ఇసుకైనా, కృష్ణ ఇసుకైనా అందులో ఎక్కువ భాగం క్వార్ట్జ్. నాజిల్ నుంచి తగిలి పగిలినప్పుడు కంటికి కనపడని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. అది నయం కాదు. బ్రిటన్ 1949లోనే బ్లాస్టింగ్‌కు ఇసుక వాడకాన్ని నిషేధించింది. గార్నెట్ వాడొచ్చు. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకల్లో ఉండే ఎర్రటి ఖనిజమే అది, 80 మెష్‌ది (మెష్ అంటే రేణువుల సైజు చెప్పే జల్లెడ నంబరు) 2.5 మి.మీ. నాజిల్‌లో అడ్డుపడకుండా పోతుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం రక్షణ కాదు, ఇంటి కంప్రెసర్ గాలిని నేరుగా హెల్మెట్‌లోకి పంపడం అంతకంటే ప్రమాదం. ఆయిల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ దాంతో పాటే వస్తాయి. కంప్రెసర్‌ను బ్లాస్టింగ్ జరిగే గదిలో ఉంచకూడదు, గార్నెట్ ధూళి ఇన్‌టేక్‌లోకి వెళ్తే రింగులు సీజన్ కూడా ఆగవు.

పాతది కొనేవారు పంపు కంటే ముందు ట్యాంకును చూడాలి. పంపుకు రింగులు, రీడ్లు మార్చుకోవచ్చు, అడుగున తుప్పు తిన్న ట్యాంకుకు వెల్డింగ్ అతుకు వేయకూడదు. డ్రెయిన్ నుంచి ఎర్రటి బురద వస్తే, లేదా డ్రెయిన్ అసలు తెరుచుకోకపోతే పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీటితో పరీక్ష చేయించాకే డబ్బు ఇవ్వాలి. గాలితో ఈ పరీక్ష చేయకూడదు. తర్వాత మోటారు పుల్లీ కొలవాలి. గాలి త్వరగా ఎక్కుతోందని చూపించడానికి పెద్ద పుల్లీ వేసి పంపును దాని ఆర్‌పీఎం దాటించి నడిపే అలవాటు కొందరికి ఉంది. అలాంటి కంప్రెసర్ స్టాప్‌వాచ్ పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గుతుంది, మోటారు ఆంపియర్లు మాత్రం ప్లేటు మీది అంకెను దాటి ఉంటాయి. తీగ చుట్టూ పట్టుకుని ఆంపియర్లు చూపే క్లాంప్ మీటర్ ఒకటి వెంట తీసుకెళ్లి, గేజ్ కటాఫ్‌కు చేరేముందు ఆ ఆంపియర్లను చూడాలి.